బెన్ మక్‌డూయికి దగ్గరి దారి ఎందుకు వద్దంటానంటే

కొండ మాట వస్తే మనవాళ్లు ముందు అడిగేది ఎత్తెంత అనే. స్కాట్లండ్‌లోని బెన్ మక్‌డూయి 1309 మీటర్లు అనగానే వినేవాళ్ల ఉత్సాహం సగం చప్పబడిపోతుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ కూడా ఇంచుమించు అంతే ఎత్తు, పైదాకా ఆర్టీసీ బస్సు పోతుంది. పాడేరు వైపు తూర్పు కనుమల్లో 1600 మీటర్లు దాటిన కొండలు ఉన్నాయి. అలాంటిది, స్కాట్లండ్‌లో పుట్టి పెరిగి కొండలెక్కేవాళ్లు కూడా ఈ పేరు వింటే కాస్త ఆగి ఆరా తీస్తారు. నేను కాకినాడ నుంచి ఆయిల్ పని మీద అబర్డీన్ వచ్చిన కొత్తలో, ఆఫీసులో ఒక పెద్దాయనతో ఈ కొండకి వెళ్తున్నానని చెప్పాను. ఎత్తు గురించి, దృశ్యాల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఎటునుంచి? ఎన్ని గంటలకి బయల్దేరుతున్నావ్?" అని మాత్రం అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నలు ఆ రెండే. ఈ కొండని దూరంతో కొలవాలి. దక్షిణం వైపు కారు ఆపుకునే చోటు నుంచి శిఖరానికి వెళ్లి రావడానికి దాదాపు 30 కిలోమీటర్లు. మధ్యలో ఊరు లేదు, రోడ్డు లేదు, టీ కొట్టు లేదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ లేదు. ఈ దూరం తగ్గించమని, పైన తలదాచుకోవడానికి ఏదైనా కట్టమని, దారి పొడవునా గుర్తులు పెట్టమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా స్నేహితుల్లోనే ఉన్నారు. అవన్నీ మనుషుల క్షేమం కోసమే అడుగుతున్నామంటారు. ఆ క్షేమం కోసమే అవేవీ వద్దని నేనంటాను. ఈ కొండ చరిత్రే నా సాక్ష్యం.

ముందు కొండ ఎలా ఉంటుందో చెప్పాలి. లేకపోతే వాదన గాల్లో ఉంటుంది.

స్కాట్లండ్ హైలాండ్స్‌కి తూర్పు వైపున కేర్న్‌గార్మ్ పర్వతాలు ఉన్నాయి. నలభై కోట్ల ఏళ్లకి పైబడిన గ్రానైట్. కొండలు అన్నానుగానీ, నిజానికి అదొక ఎత్తైన పీఠభూమి. మంచు యుగాల్లో పైనున్న మంచు నేలకి గడ్డకట్టుకుని కదలకుండా కూర్చోవడంతో నడినెత్తి అంతా పాత చదునుగానే మిగిలిపోయింది. అంచుల్లో మాత్రం హిమానీనదాలు కదిలి లోతుగా తొలిచేశాయి. అలా తొలిచిన, మూడు పక్కలా రాతిగోడలు, ఒక పక్క మాత్రం తెరిపి ఉన్న లోయల్ని ఇక్కడ కోరీలంటారు. అందువల్ల ఈ కొండ స్వభావం తిరగబడి ఉంటుంది. మామూలు కొండకి పైకి పోయేకొద్దీ నేల ఇరుకై, శిఖరం ఎక్కడుందో దానంతట అదే తెలుస్తుంది. ఇక్కడ పైకి వెళ్లాక నేల విశాలమైపోతుంది. ఎటు నడిచినా నడవొచ్చు అనిపిస్తుంది. అనిపించిన కాసేపటికి అంచు వస్తుంది.

బెన్ మక్‌డూయి ఈ పీఠభూమిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు. బ్రిటన్ మొత్తంలో బెన్ నెవిస్ (1345 మీటర్లు) తర్వాత రెండోది. పడమర వైపు నేల నిలువునా దిగి లారిగ్ గ్రూ అనే కనుమలో పడుతుంది. కనుమకి అవతల బ్రేరియాఖ్ (1296), కెయిర్న్ టూల్ (1291). ఆగ్నేయాన కోరీ స్పుటన్ డెరగ్ రాతిగోడలు. తూర్పున 927 మీటర్ల ఎత్తులో లాఖ్ ఎచ్చకన్ అనే సరస్సు, ఈశాన్యాన ఇంకా కిందికి, నిడుపాటి లాఖ్ ఆన్. ఉత్తరాన మాత్రం గోడ లేదు, పీఠభూమి అలా సాగిపోయి కేర్న్‌గార్మ్ శిఖరం (1245) దాకా పోతుంది. ఆ ఉత్తరం వైపు తెరిపే కథంతా నడిపింది.

వాతావరణం సంగతి రెండు అంకెల్లో చెబుతాను. కేర్న్‌గార్మ్ శిఖరం మీది వాతావరణ కేంద్రంలో 1986 మార్చి 20న గాలి విసురు గంటకి 278 కిలోమీటర్లు నమోదైంది. దక్షిణాన కొండలకి దగ్గరి ఊరు బ్రేమార్‌లో, అదీ లోయలో, 1895లో ఒకసారి, 1982లో ఒకసారి మైనస్ 27.2 డిగ్రీలకి పడిపోయింది. కోనసీమకి తుఫాను వచ్చినప్పుడు తలుపులు వేసుకుని కూర్చుంటాం కదా, ఇక్కడ పైన వేసుకోవడానికి తలుపు ఉండదు.

ఇక దారులు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దక్షిణం దారి. బ్రేమార్ దాటి పది కిలోమీటర్లు వెళ్తే లిన్ ఆఫ్ డీ. డీ నది అక్కడ ఒక ఇరుకు బండ సందులోంచి దూకుతుంది. కారు ఆపేది అక్కడే. అక్కడి నుంచి డెర్రీ లాడ్జ్ అనే పాత వేట బంగళా దాకా 5 కిలోమీటర్లు మట్టిబాట. కొండ ఇంకా కనిపించను కూడా కనిపించదు. బంగళా దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు గ్లెన్ డెర్రీ లోయలోకి, పాత పైన్ చెట్ల మధ్యలోంచి వెళ్తే, చెట్లు అయిపోయి, బురద మొదలై, మళ్లీ అయిపోయి, చివరికి పడమరకి తిరిగి కోరీ ఎచ్చకన్‌లోకి ఎక్కుతుంది. కోరీలో హచిసన్ గుడిసె అని 1954లో కట్టిన ఒక చిన్న రాతి గది ఉంది. దాని వెనక నుంచి నిటారుగా ఎక్కితే లాఖ్ ఎచ్చకన్. జూన్‌లో కూడా దాని ఒడ్డున అక్కడక్కడా మంచు ఉండడం వింత కాదు. సరస్సు నుంచి నైరుతికి, కోరీ స్పుటన్ డెరగ్ అంచుని ఎడమ చేతి వైపు పెట్టుకుని, బండరాళ్ల మీదుగా శిఖరానికి.

ఎడమవైపు వెళ్తే లూబెగ్ లోయ, అక్కడి నుంచి స్రోన్ రియాఖ్ అనే గట్టు. ఎక్కుడు ఎక్కువ, దూరం కాస్త తక్కువ. గట్టు మీద నుంచి కింద చిన్న ఆకుపచ్చ సరస్సు కనిపిస్తుంది. తెలిసినవాళ్లు చాలామంది ఒకటి ఎక్కడానికి, రెండోది దిగడానికి వాడతారు.

పడమర నుంచి, లారిగ్ గ్రూ అడుగు నుంచి, నేరుగా వాగు పట్టుకుని ఎక్కే దారి ఒకటుంది. మోకాళ్లు బాగున్నవాళ్లకి. ఆ ఎక్కుడు మొదట్లో ఒక పెద్ద రాయి ఉంది, దర్జీల రాయి అంటారు. కొత్త సంవత్సరం ముందు రాత్రి కొండకి ఇటూ అటూ ఉన్న మూడు లోయల్లోనూ నాట్యం చేస్తామని పందెం కట్టిన ముగ్గురు దర్జీలు మంచు తుఫానులో ఆ రాయి చాటున చనిపోయారని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, కథలో ముగ్గురినీ చంపింది ఎత్తు కాదని గమనించండి. శీతాకాలం, రాత్రి, దూరం తక్కువ అంచనా వేయడం.

మా బావమరిది రాజమండ్రి నుంచి వేసవిలో వచ్చినప్పుడు వాణ్ణి దక్షిణం దారినే తీసుకెళ్లాను. డెర్రీ లాడ్జ్ దగ్గర కూర్చుని బూట్లు విప్పి, సాక్సు దులుపుకుంటూ, "బావా, ఇంత దూరం నడిచాం, ఇంకా కొండే రాలేదు. పైన గుడైనా ఉందా?" అన్నాడు.

"లేదురా."

"హోటలు?"

"లేదు."

"మరి రోప్‌వే వేసి పారేయొచ్చు కదా! అలిపిరిలో కూడా మెట్లున్నాయి, షెడ్లున్నాయి. ఇంత డబ్బున్న దేశం..."

వాడి మాటలో అర్థం లేకపోలేదు. అలిపిరి మెట్ల దారిలో ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు అందరూ ఎక్కగలగాలి, ఎందుకంటే వాళ్లు దేవుడి దగ్గరికి పోతున్నారు. మెట్లు, నీళ్లు, నీడ ఉండితీరాలి. ఇక్కడ పైన ఏదీ ఎదురుచూడటం లేదు. గుండ్రటి రాళ్ల గుట్ట, పక్కన చుట్టుపక్కల కొండల పేర్లు చెక్కి 1925లో కేర్న్‌గార్మ్ క్లబ్బువాళ్లు పెట్టిన పలక, 1840ల్లో సర్వే సైనికులు బస చేసిన రాతి గది మొండిగోడలు, అంతే. అయినా వాడి ప్రశ్నకి సమాధానం గుడి ఉండటం లేకపోవడంలో లేదు. ఉత్తరం వైపు ఏం జరిగిందో చెప్తే గానీ తెలియదు.

ఉత్తరం దారి ఈ రోజు అందరూ వెళ్లే దారి. ఏవిమోర్ అనే ఊరి నుంచి కారులో కోరీ కాస్ పార్కింగ్ దాకా వెళ్లిపోవచ్చు. అదే 600 మీటర్ల పైన ఉంటుంది, అంటే సగం ఎత్తు ఇంజనే ఎక్కేసింది. అక్కడి నుంచి రానూపోనూ 17 కిలోమీటర్లు. కోరీ అన్ లోఖన్ పడమటి గట్టు ఎక్కి, పీఠభూమి మీదికి చేరి, లోఖన్ బుయీ అనే చిన్న మడుగు పక్కగా దక్షిణానికి నడిస్తే శిఖరం. మంచి రోజున పిల్లలు కూడా నడుస్తారు.

ఈ దారి దగ్గర కావడానికి కొండ కారణం కాదు. 1960ల మొదట్లో స్కీయింగ్ కోసం కోరీ కాస్ దాకా రోడ్డు వేశారు, కుర్చీ లిఫ్టు పెట్టారు. అంతకుముందు లోయ అడుగు నుంచి నడిచి రావాల్సినవాళ్లు గంటా రెండు గంటల్లో పీఠభూమి మీద ఉండసాగారు. జనం పెరిగారు. పైన చిక్కుకుంటే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. అదే దశాబ్దంలో పీఠభూమి మీద చిన్న చిన్న రక్షణ గుడిసెలు కట్టారు. లోఖన్ బుయీ దగ్గర కట్టిన దాని పేరు కర్రన్. రోడ్డు వేసినవాళ్లదీ, గుడిసె కట్టినవాళ్లదీ మంచి ఉద్దేశమే. ఒక సౌకర్యం తెచ్చిన చిక్కుని ఇంకో సౌకర్యంతో విప్పబోయారు.

1971 నవంబరు 20, శనివారం. ఎడిన్‌బరో బడి పిల్లలు రెండు జట్లుగా ఉత్తరం వైపు నుంచి పీఠభూమి దాటడానికి బయల్దేరారు. వాతావరణం చెడితే కర్రన్ గుడిసెలో తలదాచుకోవాలన్నది ఆలోచన. చెడింది. గట్టి పిల్లలున్న జట్టు గుడిసెకి చేరింది. రెండో జట్టు చేరలేకపోయింది. మంచు తుఫానులో, దాదాపు గుడిసె దరిదాపుల్లోనే, ఆరుబయట రెండు రాత్రులు గడిపారు. సోమవారం హెలికాప్టర్‌లోంచి చూసేసరికి జట్టు నాయకురాలు సాయం కోసం మంచులో పాకుతూ కనిపించింది. ఆమె, ఒక అబ్బాయి బతికారు. అయిదుగురు పిల్లలు, 18 ఏళ్ల సహాయకురాలు చనిపోయారు. బ్రిటన్ కొండల్లో అంత ఘోరమైన ప్రమాదం ఇంకోటి లేదంటారు.

ఆ తర్వాత జరిగిన వాదన నాకు ఈ కొండ గురించి అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం. గుడిసె ఇంకాస్త పెద్దది కట్టాలా, ఇంకా ఎక్కువ కట్టాలా, దారికి గుంజలు పాతాలా? లేక తీసేయాలా? గుడిసెలు ప్రాణాలు నిలిపిన సందర్భాలు ఉన్నాయని కొందరన్నారు, అది అబద్ధం కాదు. తీసేయాలన్నవాళ్లు చెప్పిందేంటంటే: పైన గుడిసె ఉందన్న ధీమా లేకపోతే ఆ రోజు అటు వెళ్లే పథకమే వేసుకోరు. తుఫానులో గుడిసె మంచులో కూరుకుపోతుంది, పది గజాల దూరం నుంచి కూడా కనపడదు. కనపడని ఆసరా మీద పెట్టుకున్న ఆశ మనిషిని వెనక్కి తిరగాల్సిన చోట తిరగనివ్వదు. చివరికి 1975లో కర్రన్‌ని, దాంతో పాటు సెయింట్ వలేరీ అనే మరో గుడిసెని తీసేశారు. ఒక ప్రమాదం జరిగాక ఉన్న ఏర్పాటుని తగ్గించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మనదగ్గరైతే ప్రమాదం జరిగిన మర్నాడే శంకుస్థాపన రాయి వేస్తారు. ఇక్కడ ఆరుగురు చనిపోయిన కొండ మీది నుంచి గుడిసె దించారు. సరైన పనే చేశారని నా నమ్మకం.

ఇప్పుడు లెక్క చూడండి. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ అందరూ వాడతారు. గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. దక్షిణం దారికి ఆ లెక్కన ఏడున్నర గంటలు దాటుతుంది, అదీ ఎక్కడా ఆగకుండా. డిసెంబరులో బ్రేమార్‌లో వెలుగుండేది ఆరున్నర గంటల పైచిలుకు. అంటే కూడిక తీసివేత వచ్చిన ఎవరికైనా వంటింట్లో బల్ల దగ్గరే కొండ వద్దని చెప్పేస్తుంది. వెళ్లేవాడు చీకట్లో మొదలుపెట్టి చీకట్లో ముగించడానికి సిద్ధపడి వెళ్తాడు, లైట్లూ బట్టలూ తిండీ సర్దుకుని. ఉత్తరం దారికి అదే సూత్రం అయిదు గంటల లోపు చెబుతుంది. కాగితం మీద ఏ అభ్యంతరమూ ఉండదు. వద్దన్న మాట అక్కడ పీఠభూమి మీద, మేఘం దిగాక, నాలుగైదు కిలోమీటర్లు లోపలికి వెళ్లాక వినపడుతుంది.

మేఘం దిగడం అంటే ఏంటో దగ్గరి నుంచి చెప్తాను. శిఖరం దగ్గర నేలంతా గులాబీ రంగు గరుకు గ్రానైట్ పొడి, మధ్యమధ్యలో రాళ్లు. ఏ రాయీ పక్క రాయికి తేడాగా ఉండదు. తెల్లగా కమ్ముకున్నప్పుడు ఎదురుగా మనిషి నిలబడ్డట్టు కనిపిస్తుంది. పలకరించబోయేలోగా నాలుగడుగుల్లో అది మోకాలెత్తు రాయి అయిపోతుంది. పెద్దా చిన్నా, దగ్గరా దూరం అన్న తేడా కళ్లకి పోతుంది. నేల మంచుతో కప్పి ఉంటే ఇంకా దారుణం, కాలు కింద ఎక్కుతున్నామో దిగుతున్నామో తెలియదు. అప్పుడు చేసే పని ఒకటే. కంపాస్ మీద బేరింగ్, అంటే వెళ్లాల్సిన దిక్కు, పెట్టుకుని, అడుగులు లెక్కపెట్టడం. ఎడమ కాలు నేల మీద పడ్డ ప్రతిసారీ ఒకటి. నాకు చదును నేల మీద 64 పడితే వంద మీటర్లు, రాళ్లలో 70 దాకా పోతుంది. ప్రతి వందకీ జేబులోని ఒక గులకరాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి. పక్కనున్నవాడు మాట్లాడకూడదు. లెక్క తప్పితే లాఖ్ ఎచ్చకన్ వైపు దిగాల్సినవాళ్లు స్పుటన్ డెరగ్ అంచుకి పోతారు. చలికాలంలో ఆ అంచు నుంచి గాలి కట్టిన మంచు చూరు శూన్యంలోకి సాగి ఉంటుంది. నేల అనుకుని దాని మీద కాలు పెడతారు. మా ఇద్దరిలో ఒకరం ముందు నడిచి, ఇంకొకరం వెనక నుంచి కంపాస్ చూస్తూ "కాస్త కుడికి, కాస్త కుడికి" అంటూ గొంతు పోగొట్టుకున్న మధ్యాహ్నాలు ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ లేదా అంటారేమో. ఉంది. చలికి బ్యాటరీ 40 శాతం నుంచి ఏకంగా ఆరిపోవడం కూడా ఉంది.

ఈ పని నేర్చుకోని మనిషి అక్కడికి చేరకుండా చూసేది దూరమే. దక్షిణం నుంచి నాలుగు గంటలు నడిచి వచ్చేలోపల ఎన్నో సార్లు వెనక్కి తిరిగే అవకాశం వస్తుంది. కాళ్లు చెబుతాయి, గడియారం చెబుతుంది, లోయలో పైకి చూస్తే మబ్బు చెబుతుంది. దగ్గరి దారి ఆ మాటలన్నీ మింగేసి మనిషిని నేరుగా చివరి ప్రశ్న దగ్గర దింపుతుంది.

ఇదే మాట నాకన్నా చాలా ముందు, చాలా కటువుగా చెప్పినవాడు పెర్సీ ఉన్నా (Unna) అనే ఆయన. ఉన్నా అన్నది ఇంటిపేరు. సివిల్ ఇంజనీరు. స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ అధ్యక్షుడు. 1930ల్లో గ్లెన్ కో అనే లోయ చుట్టుపక్కల కొండల్ని కొని, ఇలాంటి చోట్లని కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అనే సంస్థకి అప్పగించడంలో ముఖ్యుడు. 1937లో ట్రస్టుకి రాసిన ఉత్తరంలో షరతులు పెట్టాడు: కొండల్ని ఎక్కడానికి ఇంకా సులువుగా గానీ, ఇంకా భద్రంగా గానీ చేయకూడదు. బాటలు పొడిగించకూడదు, బాగుచేయకూడదు. దారి గుర్తులు, రంగు మరకలు, రాళ్ల గుట్టలు పెట్టకూడదు. పైన ఆశ్రయాలు కట్టకూడదు. "భద్రంగా చేయకూడదు" అన్న మాట చదివి మొదట ఎవరైనా ఉలిక్కిపడతారు. ఇంజనీరు రాయాల్సిన వాక్యమేనా అది? నా వృత్తిలో భద్రత అనే మాట రోజుకి వందసార్లు వింటాం. అయితే సముద్రంలో రిగ్గు మీద కూడా చేతికందే చోట రెయిలింగు పెట్టినంత మాత్రాన సరిపోదు, ఎవరు రావాలో ఎవరు రాకూడదో ముందు గేటు దగ్గరే తేలుతుంది. ఉన్నా చెప్పిన కొండలో ఆ గేటు నడకే.

1995లో ఇదే ట్రస్టు మార్ లాడ్జ్ ఎస్టేటు కొంది. దాదాపు 29 వేల హెక్టార్లు, బెన్ మక్‌డూయి దక్షిణపు వాలు దాన్లోదే. అప్పటినుంచి అక్కడ నడక పొడవు తగ్గించకపోవడాన్ని ఒక విధానంగానే పాటిస్తున్నారు. పక్కనున్న బైన్ ఎ వూర్డ్ కొండ మీదికి పాత యజమానుల కాలంలో బుల్‌డోజర్‌తో వేసిన జీపు దారిని వెతికి వెతికి చెరిపి, మళ్లీ హెదర్ మొక్కలు మొలిచేలా చేశారు. దారి వేయడానికి కాకుండా దారి తీసేయడానికి డబ్బు ఖర్చు పెట్టడం! మా బావమరిదికి ఈ మాట చెప్తే చాలాసేపు నమ్మలేదు.

ఎదుటి వాదన గట్టిదే. దూరం గేటయితే, ఆ గేటు గుండె ధైర్యాన్నో తెలివినో చూడదు. కారు ఉందా, రెండు రోజులు సెలవుందా, మోకాళ్లు బాగున్నాయా అని చూస్తుంది. అబర్డీన్ నుంచి బ్రేమార్ దాకా బస్సు ఉంది, ఆ పైన లిన్ ఆఫ్ డీ దాకా ఏమీ లేదు. వీల్‌చెయిర్లో ఉన్న మనిషి ఎప్పటికీ లాఖ్ ఎచ్చకన్ చూడలేడు. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం బాధ్యతగా నడుచుకునే ప్రతి ఒక్కరికీ దాదాపు ఏ కొండ మీదైనా నడిచే హక్కు ఇచ్చింది. హక్కు ఇచ్చి, అందుకోవడానికి 30 కిలోమీటర్లు అవతల పెట్టడం ఏం న్యాయం?

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. 2001 చివర్లో ఉత్తరం వైపు కేర్న్‌గార్మ్ మీదికి ఫ్యునిక్యులర్ రైలు, అంటే తీగతో లాగే కొండ రైలు, పెట్టారు. పై స్టేషన్ దాదాపు 1100 మీటర్ల ఎత్తులో. నడవలేని మా అమ్మ వస్తే నేనే ఎక్కిస్తాను, అందులో నాకే మొహమాటమూ లేదు. అయితే ఆ రైలుకి అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారు. వేసవిలో రైల్లో వచ్చినవాళ్లు పై స్టేషన్ నుంచి బయటి పీఠభూమి మీదికి వెళ్లకూడదు. పైదాకా తీసుకెళ్లి తలుపు మూశారన్నమాట. పైనున్న నాచు, గులకనేలలో మొలిచే గుత్తి పూల మొక్కలు, డాటరెల్, టార్మిగన్ లాంటి పక్షులు వేల పాదాలని తట్టుకోలేవని. దూరాన్ని తీసేసిన చోట దూరం చేసే పనిని తాళంతో చేయించాల్సి వచ్చింది. పైగా 2018లో నిర్మాణ లోపాలు బయటపడి రైలు నాలుగేళ్లకి పైగా ఆగిపోయింది, 2023లో మొదలై ఆ ఏడే మళ్లీ ఆగింది, 2025లో గానీ మళ్లీ కదల్లేదు. ఈలోపల రైలు నడవకపోయినా కొండ మీద దాని కాంక్రీటు స్తంభాలు మాత్రం ఎప్పుడూ డ్యూటీలోనే ఉన్నాయి.

అందరికీ అందాలి అన్నప్పుడు ఏది అందాలో కూడా చెప్పుకోవాలి. దృశ్యమైతే స్కాట్లండ్‌లో కారు దిగి చూడదగ్గ కొండలు బోలెడు. బెన్ నెవిస్‌కి 1883లో పైన వాతావరణ పరిశోధనశాల కట్టి, గుర్రాల బాట వేశారు. పరిశోధనశాల 1904లో మూతపడినా బాట ఉండిపోయింది. ఈ రోజు ఊరు చివరి నుంచి నేరుగా ఆ బాటే పట్టుకుని, వరసగా పేర్చిన రాళ్ల గుట్టలు చూసుకుంటూ వేలాదిమంది ఎక్కుతారు. ఎక్కనివ్వండి. 19వ శతాబ్దం మొదట్లో బెన్ మక్‌డూయే అన్నిటికన్నా ఎత్తైనదేమో అన్న వాదన ఉండేది. సర్వేవాళ్లు నెవిస్‌కి 36 మీటర్లు ఎక్కువ తేల్చారు కాబట్టి బతికిపోయింది గానీ, లేకపోతే ఆ పరిశోధనశాల, ఆ జనం ఇక్కడే ఉండేవాళ్లు. రెండో స్థానం ఇంత మేలు చేసిన సందర్భం ఇంకోటి నాకు తెలియదు. 1859లో విక్టోరియా రాణి గుర్రాలతో, పరివారంతో ఎక్కింది, అయినా పైన బంగళా కట్టించుకోవాలని ఆమెకి కూడా తోచలేదు.

అలాగని ఉన్నా మాట అక్షరాలా పాటించాలనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. బాటలు బాగుచేయకూడదు అన్నాడు. 1937లో నడిచేవాళ్లు ఎందరు, ఇప్పుడెందరు? బురదగా ఉన్న చోట ఒకడు పక్కకి తప్పుకుంటాడు, ఇంకొకడు ఇంకా పక్కకి. పదేళ్లలో అడుగు వెడల్పు బాట పది గజాల పుండవుతుంది. అక్కడ మొక్క తిరిగి మొలవడానికి ఒక మనిషి జీవితకాలం చాలదు. కోరీ ఎచ్చకన్ ఎక్కుడులో రాళ్లు పరిచి, నీళ్లు పోయే అడ్డుకాలవలు పెట్టినవాళ్లకి నేను దణ్ణం పెడతాను. ఆ రాళ్లు కొండని దగ్గర చేయలేదు.

గుడిసెల విషయంలో కూడా అంతే. హచిసన్ గుడిసె కోరీ లోపల ఉంది. లారిగ్ గ్రూలో, కెయిర్న్ టూల్ కాళ్ల దగ్గర, కోరూర్ బాతీ ఉంది. 1877లో జింకల కాపలాదారు కోసం కట్టిన ఒంటి గది. రెండూ మౌంటెన్ బాతీస్ అసోసియేషన్ స్వచ్ఛంద కార్యకర్తల చేతిలో ఉన్నాయి. తాళం ఉండదు, అద్దె ఉండదు. కోరూర్‌కి ఒక మరుగుదొడ్డి కూడా కట్టారు, దాన్ని శుభ్రం చేసేది కూడా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఇలాంటివాళ్ల పేర్లు ఏ శిఖరం పలక మీదా ఉండవు. ఈ రెండింటికీ కర్రన్‌కీ తేడా ఎక్కడుందంటే, ఇవి దిగి వచ్చే దారిలో ఉన్నాయి. వాతావరణం చెడితే కిందికి దిగాలన్న బుద్ధికి ఇవి తోడొస్తాయి. కర్రన్ పైనే ఉండిపోవచ్చన్న ఆశకి తోడొచ్చేది. ఆసరా కట్టాలా వద్దా అన్న ప్రశ్నకి నేను చూసే కొలబద్ద ఇదొక్కటే, లోయలో అయితే సరే, పీఠభూమి మీద వద్దు.

రాతి గోడలు ఎక్కేవాళ్ల గురించి కూడా ఒక మాట. లాఖ్ ఆన్ తలాపున షెల్టర్ స్టోన్ అని ఒక రాకాసి బండ ఉంది. కింద నలుగురైదుగురు పడుకునేంత ఖాళీ. దాని పైన నిలబడ్డ గోడ మీద 1962లో రాబిన్ స్మిత్, డేవీ ఆగ్న్యూ ఎక్కిన 'నీడిల్' దారి ఇప్పటికీ మొనగాళ్ల దారే. స్పుటన్ డెరగ్‌లో 'క్రిస్టల్ రిడ్జ్' లాంటి తేలికవి ఉన్నాయి, నాలాంటివాడు తాడు కట్టుకుని బిక్కుబిక్కుమంటూ ఎక్కగలిగేవి. రోడ్డు పక్క గోడల మీద వారాంతంలో క్యూ ఉంటుంది. ఇక్కడ గంటల తరబడి తాళ్లు మోసుకుని రావాలి కాబట్టి చాలా రోజులు గోడంతా మనదే. ఆ ఏకాంతానికి ఇంకో మొహం కూడా ఉంది. నార్మన్ కోలీ అని లండన్‌లో రసాయన శాస్త్ర ఆచార్యుడు, పేరున్న పర్వతారోహకుడు. 1891లో మక్‌డూయి మీద పొగమంచులో ఒంటరిగా దిగుతుంటే వెనక ఎవరో పెద్ద పెద్ద అంగలతో నడుస్తున్న చప్పుడు వినపడి మైళ్ల కొద్దీ పరుగెత్తానని 1925లో అబర్డీన్‌లో క్లబ్బు సమావేశంలో చెప్పాడు. అంతటితో బూడిద రంగు భూతం కథ పుట్టేసింది. భూతం సంగతి నాకు తెలియదు గానీ, గ్రానైట్ పొడి మీద మన అడుగుల చప్పుడు పొగమంచులో మనది కానట్టే వినపడటం మాత్రం నిజం.

ఇంతా చెప్పాక దక్షిణం దారివాళ్లంతా నన్ను పట్టుకునే చోటు ఒకటుంది. లిన్ ఆఫ్ డీ నుంచి డెర్రీ లాడ్జ్ దాకా ఆ 5 కిలోమీటర్ల మట్టిబాట మీద నేను సైకిలు తొక్కుతాను. పైన్ చెట్టుకి తాళం వేసి, అక్కడినుంచి నడుస్తాను. సాయంత్రం కాళ్లు పీకుతున్నప్పుడు ఆ సైకిలు ఇచ్చే సుఖం ఇంతా అంతా కాదు. నాతో వచ్చే స్నేహితుడొకడు, పక్కా ఉన్నా శిష్యుడు, తొక్కడు. నేను అరగంట ముందు చేరి ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుంటే వచ్చి, "30 కిలోమీటర్ల కొండ గురించి ఉపన్యాసాలిస్తావు, నువ్వెక్కేది 20 కిలోమీటర్లదేగా" అంటాడు. బాట ఎప్పటినుంచో ఉన్నదే, నేను కొత్తగా ఏమీ వేయించలేదని నా జవాబు. ఉత్తరం వైపు రోడ్డు కూడా ఇప్పుడు ఎప్పటినుంచో ఉన్నదేగా అని వాడి ఎదురు జవాబు. ఆ తర్వాత లూబెగ్ వంతెన దాకా ఇద్దరం ఇదే వాదించుకుంటాం. మా బావమరిది వచ్చే ఏడు మళ్లీ వస్తానంటున్నాడు, వాడికి సైకిలు అద్దెకి ఎక్కడ దొరుకుతుందో ఇప్పటికే కనుక్కున్నాడు.